రద్దయిన నియోజకవర్గంలో అరవై మూడో బూత్

ఆ నియోజకవర్గం బతికున్నంతకాలం దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. రద్దయ్యాక మాత్రం, చచ్చినవాడి కళ్ళు చారడేసి అన్నట్టు, దానికో చరిత్ర ఉండితీరాలన్నారు.

పార్లమెంటులో దానికి ముప్పై నాలుగేళ్ళపాటు ఒక కుర్చీ ఉండేది. ఏడుసార్లు ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత సరిహద్దులు సవరించే సంఘంవారు వచ్చి, పటం పరిచి, నదికి ఇవతలి సగాన్ని ఉత్తరాన ఉన్నవాళ్ళకీ అవతలి సగాన్ని దక్షిణాన ఉన్నవాళ్ళకీ పంచి వెళ్ళిపోయారు. కారణం ఒక్క వాక్యంలో రాశారు: నదిపై వంతెన లేనందున రెండు ఒడ్ల ప్రజలకు రాకపోకలు లేవు, కనుక వీరందరూ ఒకే నియోజకవర్గం అనుకోవడానికి ఆధారం లేదు.

ఆ వాక్యం చదివి ఊళ్ళో నవ్వనివాడు ఒక్కడే. ఆయన్ని అందరూ వంతెనగారు అంటారు. ఏడు ఎన్నికల్లో నాలుగు ఆయనవే. నాలుగుసార్లూ వంతెన కట్టిస్తాననే గెలిచారు. ఇవతలి ఒడ్డున మూడు, అవతలి ఒడ్డున మూడు, మొత్తం ఆరు పునాదిరాళ్ళు వేయించారు. పడవవాళ్ళు వాటికి తాళ్ళు కట్టుకునేవారు. ఆ విధంగా అవి ప్రజల రాకపోకలకు ఉపయోగపడుతూనే ఉన్నాయని చివరి ప్రచారంలో ఆయన గర్వంగా చెప్పుకున్నారు.

రద్దయిన మూడేళ్ళకు, అంతరించిన నియోజకవర్గాలన్నింటి చరిత్రనూ పుస్తకంగా వెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎన్నికల కార్యాలయంలో రికార్డుల గది చూసే గుమస్తాకు ఈ నియోజకవర్గం అప్పగించారు. ఆమెను ఆఫీసులో రికార్డమ్మ అంటారు. యాభై దాటింది. ఏ కాగితం ఏ కట్టలో ఉందో ఆమెకు తప్ప మరొకరికి తెలియదు కాబట్టి గత ఎనిమిదేళ్ళలో ఆమెకు వరసగా మూడు రోజుల సెలవు దొరకలేదు.

రికార్డమ్మ శ్రద్ధగా మొదలుపెట్టింది. మొదటి ఎన్నికలో పోటీయే లేదు. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారని మిగతా నలుగురి నామినేషన్లూ కొట్టేశారు. గెలిచినాయన ఒక్కడే ఆ రోజు కలం మరిచిపోయి అధికారి కలం అడుక్కున్నాడు. రెండో ఎన్నికలో ఒక పళ్ళ డాక్టరు గెలిచాడు. అయిదేళ్ళలో ఆయన సభలో నోరు తెరిచింది ఒక్కసారి, కిటికీ వెయ్యమని కోరడానికి. కిటికీ వేసినట్టు సభ రికార్డుల్లో లేదు.

మూడో ఎన్నిక అసలైన పోటీ. వంతెనగారి మొదటి గెలుపు అదే. ఆయన మీద నిలబడ్డది లెక్కల మాస్టారు. ఊళ్ళో సగంమందికి ఆయన దగ్గర ఎక్కాలు వచ్చాయి, మిగతా సగానికి దెబ్బలు పడ్డాయి. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి నిలబడి, డెబ్బై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇరవై ఏడేళ్ళనాటి మాట.

ఆ ఎన్నిక కట్ట విప్పినప్పుడు, రికార్డమ్మ చేతికి బూత్ చీటీలు కూడా తగిలాయి. చింపెయ్యాల్సిన గడువు ఎప్పుడో దాటినా, చింపడానికి అనుమతి రాకపోవడంవల్ల అవి అలాగే ఉండిపోయాయి. ఆ రోజుల్లో ప్రతి బూత్‌కూ ఒక చిన్న చీటీ వచ్చేది. ఆ అంకెలను ఒక పెద్ద కాగితంలోకి ఎక్కించి, కింద మొత్తం కూడేవారు. చరిత్ర రాసేటప్పుడు రెండూ సరిచూడాలి కదా అని ఆమె ఒక్కో చీటీనీ పెద్ద కాగితంతో పోల్చుకుంటూ వెళ్ళింది. అరవై మూడో బూత్ దగ్గర వేలు ఆగింది.

చీటీలో మాస్టారికి నాలుగు వందల పద్దెనిమిది. పెద్ద కాగితంలో నూట నలభై ఎనిమిది.

ముందున్న నాలుగు వెనక్కీ, వెనకున్న ఒకటి ముందుకీ వెళ్ళిపోయాయి. అంతే తేడా. ఆ తేడా రెండు వందల డెబ్బై. అంటే మాస్టారు ఓడిపోలేదు. నూట తొంభై తొమ్మిది ఓట్లతో గెలిచారు. అదే వరసలో ఆ చివర, బూత్‌లో పోలైన మొత్తం ఓట్లు అయిదు వందల ముప్పై అని రాసే ఉంది. ఎవరైనా అడ్డంగా ఒక్కసారి కూడి ఉంటే అప్పుడే బయటపడేది. ఎవరూ కూడలేదు. కింద ఇద్దరు అభ్యర్థులూ సంతకాలు పెట్టారు. వాటి పక్కన, నకలు ఎక్కించినవారు అనే గడిలో, గుండ్రంగా, పొందిగ్గా మరో సంతకం ఉంది.

అది రికార్డమ్మ సంతకమే. అప్పటికామెకు ఇరవై నాలుగేళ్ళు. లెక్కింపు రోజుకని తీసుకున్న తాత్కాలిక గుమస్తాల్లో ఆమె ఒకతె. దస్తూరి బాగుందని మెచ్చుకుని తర్వాత ఉద్యోగం ఖాయం చేశారు.

రెండు రోజులు ఆమె చేతుల్లో పని సాగలేదు. భర్త దర్జీ. ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను. సాయంత్రాలు ఆమె అతనికి గుడ్డ కత్తిరించి పెడుతుంది. ఆ వారం ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. ఏమైందని అతను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. అతను కాసేపు నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు మానేసి, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నాడు. నియోజకవర్గమే పోయింది, ఓడినాయన ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు, నువ్వు మాట్లాడకుండా ఊరుకో అన్నాడు. మాస్టారు మరిచిపోయే మనిషి కాదని ఆమెకు తెలుసు. ఏడో తరగతిలో ఆమె ఆయన దగ్గరే చదువుకుంది. కింద నుంచి పైకీ, పై నుంచి కిందికీ కూడాక అడ్డంగా కూడి చూడందే పలక చేతిలో నుంచి దించనిచ్చేవారు కాదు.

మూడో రోజు ఆమె రెండు కాగితాలూ పట్టుకుని అధికారి గదికి వెళ్ళింది. ఆయన కొత్తగా వచ్చాడు, ఆమెకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, ఏం మాట్లాడినా సాంకేతికంగా అని మొదలుపెడతాడు. రెండు కాగితాలనూ వెలుతురుకు పెట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"సాంకేతికంగా ఈ తప్పు ఇప్పుడు లేదమ్మా," అన్నాడు. "దిద్దాలంటే ఆ నియోజకవర్గం ఎన్నికల అధికారి దిద్దాలి. నియోజకవర్గం లేదు కాబట్టి ఆ పోస్టు లేదు. దిద్దేవాడే లేని తప్పుని తప్పని ఎలా అంటాం?"

"మరి పుస్తకంలో ఏం రాయమంటారు సార్?"

"జరిగింది రాయండి. డెబ్బై ఒక్క ఓట్ల తేడా."

"అది జరగలేదు కదండీ."

"ప్రకటించాంగా. ప్రకటిస్తే జరిగినట్టే."

అయినా తన వంతు జాగ్రత్తగా, ఆయన వంతెనగారితో ఫోనులో ఒక మాట అన్నాడు. పుస్తకానికి ముందుమాట రాస్తున్నది ఆయనే మరి. ప్రజల తీర్పును తానెన్నడూ ప్రశ్నించలేదనీ, ఈ వయసులో ప్రశ్నించమనడం ప్రజాస్వామ్యానికే అవమానమనీ వంతెనగారు బాధపడ్డారు. ఆ మధ్యాహ్నమే, పుస్తకంలో వెయ్యడానికని, ఆరు పునాదిరాళ్ళ పక్కన తాను నిలబడ్డ ఆరు ఫోటోలు పంపించారు. ఆరింటిలోనూ ఆయన చెయ్యి నది వైపే చూపిస్తోంది.

ఇక రికార్డమ్మ ఆదివారం పొద్దున్నే రెండు కాగితాలకూ నకళ్ళు తీసుకుని మాస్టారి దగ్గరికి బయల్దేరింది. ఆయన రొట్టెల దుకాణం మీద రెండు గదుల్లో ఒక్కరే ఉంటారు. పెళ్ళి చేసుకోలేదు. డెబ్బై ఏడేళ్ళు. గోడకు ఇప్పటికీ నల్లబల్ల ఉంది, దాని మీద ఎవరికోసమో తెలియని భాగహారం ఒకటి సగంలో ఉంది. ఆమెను గుర్తుపట్టి, కూర్చోమని, ఏడో తరగతిలో ఆమెకు భిన్నాలు ఎన్నాళ్ళకు వచ్చాయో కూడా గుర్తుచేశారు.

ఆమె నీళ్ళు నమలలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసి, కాగితాలు ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, పెన్సిలు తీసుకుని, మూడో ఎన్నిక మొత్తాన్నీ మొదటి బూత్ నుంచి కూడడం మొదలుపెట్టారు. ముప్పావుగంట పట్టింది. ఆమె ఆ ముప్పావుగంటా చేతులు కట్టుకుని కూర్చుంది.

"అడ్డంగా కూడి చూశావా?" అని అడిగారు చివరికి.

"ఇప్పుడు చూశానండి."

"అప్పుడు?"

"లేదండి."

ఆయన పెన్సిలు పక్కన పెట్టేశారు. "నేనూ చూడలేదు. చూడకుండానే సంతకం పెట్టాను," అన్నారు.  కుర్చీ పోయిందనో, అయిదేళ్ళ పదవి పోయిందనో ఆయన అంటారని ఆమె భయపడింది. ఆయన దాని ఊసే ఎత్తలేదు. అరవై మూడో బూత్ ఏ వీధిదని మాత్రం అడిగారు. అవతలి ఒడ్డున అద్దాల వీధి అని ఆమె చెప్పగానే కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అద్దాల వీధిలో ఆయన చెల్లెలి ఇల్లు. ఆయన తోడబుట్టింది ఆ ఒక్కతే. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసేది. ఆ వీధిలో పిల్లలందరూ ఆమె చేతుల మీదుగానే భూమ్మీద పడ్డారు. అన్న ఎన్నికల్లో నిలబడితే, మీ పిల్లల్ని బయటికి తీసింది నేను, మా అన్నయ్యని లోపలికి పంపాల్సింది మీరు అంటూ గడప గడపా తిరిగింది. లెక్కింపు ముందురోజు అన్నతో పందెం వేసినట్టు చెప్పింది, మా వీధిలో నాలుగు వందలకి ఒక్క ఓటు తగ్గినా నన్ను చెల్లెలని పిలవకు అని.

నూట నలభై ఎనిమిది వచ్చింది. ఆయన పిలవడం మానేశారు.

ఆ రోజు నుంచి ఆయన నది దాటలేదు. ఆమె రాసిన రెండు ఉత్తరాలకు జవాబివ్వలేదు. పడవంటే ఆమెకు చచ్చేంత భయం, అయినా ఒకసారి కళ్ళు మూసుకుని దాటి వస్తే, తలుపు తీయలేదు. విచిత్రమేమంటే ఆమె భర్తతో మాత్రం మాటలున్నాయి. ఆయనకు ఇవతలి ఒడ్డున కళ్ళజోళ్ళ దుకాణం. ఇన్నేళ్ళలో మాస్టారు నాలుగుసార్లు అద్దాలు మార్చింది అక్కడే. బావాబావా అనుకుంటూ వానల గురించీ రోడ్ల గురించీ ముచ్చటించుకునేవారు. ఆమె పేరు మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు. బావ వెయ్యకపోయినా పరాయివాడు అనుకోవచ్చు, తోడబుట్టింది అబద్ధమాడితే ఏమనుకోవాలి అన్నది మాస్టారి వాదన.

ఇదంతా రికార్డమ్మకు చెప్పి, ఆయన లేచి చొక్కా మార్చుకున్నారు. పడవ ఎన్నింటికని అడిగారు. పదకొండింటికని చెప్పి, తోడుగా తానూ వస్తానంది ఆమె.

పడవలో ఆయన కాగితాలు తడవకుండా ఛాతీకి అదిమిపట్టుకుని కూర్చున్నారు. నది నడుమకు వచ్చాక ఆమెతోనో, తనతోనో అన్నారు.

"చిన్నప్పుడు దానికి ఎక్కాలు నేనే నేర్పాను. ఏడెనిమిదులు ఎప్పుడడిగినా యాభై నాలుగే అనేది. దీనికి లెక్కలు రావు అనుకున్నాను. అందుకే నాలుగు వందలంటే నమ్మలేదు నేను."

రికార్డమ్మ నీళ్ళవైపు చూసింది.

చెల్లెలు వరండాలో పీట వేసుకుని ఉతికిన దుప్పటి మడతపెడుతోంది. భర్త ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. మెట్ల కింద నిలబడ్డ అన్నను చూసి ఆమె లేవలేదు. మడత ఆపలేదు కూడా. మాస్టారు మెట్టెక్కకుండా కాగితాలు చాచారు. ఆమెకేసి చూడలేక రికార్డమ్మే గబగబా జరిగింది జరిగినట్టు చెప్పింది.

చెల్లెలు అంతా విని, "రాసింది ఎవరు?" అంది.

"నేనేనండి."

"ఎక్కడ పుట్టావు నువ్వు?"

"ఆ ఒడ్డునండి."

"అదీ సంగతి. నా చేతుల్లో పుట్టుంటే ఇలా రాసేదానివి కాదు."

ఆ మాటలో కోపం ఉందో, లేదో రికార్డమ్మకు తెలియలేదు. తర్వాత చెల్లెలు వీధివైపు తిరిగి, ఒక్కో ఇంటినీ చూసుకుంటూ వచ్చింది. ఆనాటి నుంచీ ఆమెకు ఈ వీధి మీద నమ్మకం లేదు. అందరూ వేశామనే అన్నారు, లెక్కేమో నూట నలభై ఎనిమిదన్నారు. అంటే ప్రతి మూడు ఇళ్ళలో రెండు తన ముఖం మీద అబద్ధమాడాయి. ఏ ఇల్లో తెలియక అన్ని ఇళ్ళతోనూ ముక్తసరిగా ఉంటూ వచ్చింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్ని సైతం అనుమానంగానే చూసింది.

"నాలుగు వందల పద్దెనిమిదా?" అంది మెల్లగా. "నేను ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నది నాలుగు వందల పంతొమ్మిది. ఇంకోటి ఏమైంది?"

 లోపలి గుమ్మంలో నిలబడ్డ భర్త గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఒక్కటీ నేనే," అన్నాడు.

ఆమె చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"వంతెనగారికి వేశాను. వంతెన వస్తే నువ్వు పడవెక్కక్కర్లేకుండా నడిచే మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళొస్తావు కదా అని. నీకు పడవంటే భయం కదా." మాస్టారి వైపు తిరిగి, "ఒక్క ఓటేగా, దాంతో ఏమవుతుందిలే అనుకున్నాను బావా," అన్నాడు.

మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూశారు. మాస్టారి భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారేమోనని రికార్డమ్మ కంగారుపడింది. నవ్వుతున్నారు. చెల్లెలు నవ్వలేదు. రికార్డమ్మతో, "అమ్మాయ్, నాలుగు వందల పద్దెనిమిదే రాయి. ఈయన్ని కలపకు," అంది. ఆ తర్వాత అన్న కాళ్ళవైపు చూసి, "చెప్పులు తడిశాయి. అక్కడ విప్పి లోపలికి రా అన్నయ్యా," అంది.

"తప్పు నాదేనే, చెల్లీ," అన్నారు మాస్టారు.

"తెలుస్తూనే ఉంది. రా."

రికార్డమ్మ టీ తాగి ఒంటిగంట పడవకు ఒక్కతే తిరిగి వచ్చింది. మాస్టారు రెండు రోజులు ఉండి వస్తానన్నారు. ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది కానీ, పూర్తిగా కాదు. వంతెనగారి నాలుగు గెలుపులకూ మొదటి మెట్టు వేసింది తన దస్తూరేనన్న సంగతి పడవలో దారి పొడుగునా ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఒడ్డు చేరాక పడవ తాడు కట్టింది ఆయన రాయికే.

సోమవారం ఆమె జరిగినదంతా ఒక పేజీలో రాసి, తన పేరుతో సంతకం పెట్టి, అరవై మూడో బూత్ చీటీకి గుచ్చి అధికారి బల్ల మీద పెట్టింది. అది "అందినది, చర్య అవసరం లేదు" అన్న ముద్రతో తిరిగి వచ్చింది. పుస్తకం పేజీలు అచ్చుకు ముందు సరిచూసి సంతకం పెట్టమన్నప్పుడు ఆమె పెట్టనంది. సాంకేతికంగా ఆమె సంతకం అక్కర్లేదని అధికారే పెట్టుకున్నాడు.

పుస్తకం వచ్చింది. డెబ్బై ఒక్క ఓట్ల తేడా అలాగే ఉంది, ఆరు ఫోటోలూ ఉన్నాయి. ఆవిష్కరణ సభలో వంతెనగారు గద్గదస్వరంతో మాట్లాడారు. నియోజకవర్గం లేకపోయినా తన మాట మాటేననీ, మరొక్క అవకాశం ఇస్తే వంతెన కట్టి తీరుతాననీ ప్రకటించారు. ఆయనకు అవకాశం ఇవ్వడానికి ఓటర్లు ఏ పేరుతో ఎక్కడ మిగిలి ఉన్నారో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చప్పట్లు బాగానే పడ్డాయి.

వచ్చిన పుస్తకాల్లో ఒకటి రికార్డమ్మే మాస్టారికి ఇచ్చి వచ్చింది. పదిహేను రోజులకు అది తపాలాలో ఆఫీసుకు తిరిగొచ్చింది. ఆయన ఏడు ఎన్నికల పట్టికలనూ నిలువుగా, అడ్డంగా కూడి, ఎర్ర సిరాతో పన్నెండు తప్పులు దిద్దారు. వాటిలో రెండు గెలుపోటముల్ని తారుమారు చేసేవే. అట్ట మీద వందకు ముప్పై రెండు మార్కులు వేసి, కింద మళ్ళీ రాసుకుని రావలెను అని రాశారు. అధికారి లోపల తెరిచి చూడలేదు. పాఠకులు పంపినవాటికి ఒక ఫైలుంది. ప్రశంసలు అని పేరు పెట్టి, దాన్ని అందులో చేర్చమన్నాడు.

రికార్డమ్మ కొత్త కళ్ళజోడు కోసం దుకాణానికి వెళ్ళినప్పుడు, అన్నాచెల్లెళ్ళు ఎలా ఉన్నారని అడిగింది. మళ్ళీ పోట్లాడుకుంటున్నారని చెప్పాడు కళ్ళజోళ్ళాయన.  ఇరవై ఏడేళ్ళనాడు ముందు ఎవరు నోరు తెరిచి అడిగి ఉండాల్సింది అన్నదాని మీద తగువట. నువ్వు తలుపు తీసి ఉండాల్సింది అని ఆమె, నువ్వు పందెం వెయ్యకుండా ఉండాల్సింది అని ఆయన. మాస్టారు శనివారం వచ్చి సోమవారం వెళుతున్నారు. ఆ రెండు రోజులూ వరండాలో ఎదురెదురుగా కూర్చుని అదే పని.

"మధ్యలో నేను తలదూరిస్తే మాత్రం ఇద్దరూ ఒకటైపోయి నా మీద పడుతున్నారమ్మా," అంటూ ఆయన అద్దాలు తుడిచి ఆమె చెవుల మీద పెట్టి, కింది వరస చదవమన్నాడు.